తలుపు మార్చకండి, మాసిక వేయించండి

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఒకటి రెండు రోజులకే ఆ నీళ్ళు కోనసీమ లంకల మీద పడ్డాయి. మా అమ్మమ్మగారి ఇల్లు ఏటిగట్టుకు అవతల, లంకలోనే ఉంది. వందేళ్ళు దాటిన మండువా లోగిలి. వీధి గుమ్మంలో మోకాలి లోతు నీళ్ళు నాలుగు రోజులు కదలకుండా నిలిచాయి. గోడలకు ఏమీ కాలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన వరదనే తట్టుకున్న గోడలవి. దెబ్బతిన్నది సింహద్వారం. ఒండ్రు తోడిపోసి, ఇల్లు ఆరబెట్టుకుని చూస్తే తలుపు రెండు రెక్కలూ అడుగున జానెడు మేర మెత్తబడి ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగింది.

"ఇంకా దీని మీద ఆశేంటి అమ్మాయ్?" అన్నాడు పెద్దమామయ్య. "ఊళ్ళో అందరూ మార్చేసుకుంటున్నారు. కొత్త టేకు తలుపు, మధ్యలో లక్ష్మీదేవి, అటూ ఇటూ ఏనుగులు, మిషన్ మీద చెక్కి ఇచ్చేస్తారు. పాతది కొనుక్కోడానికి మనిషి కూడా ఉన్నాడు."

ఆ మనిషి వచ్చాడు. పాత సామాన్ల వ్యాపారి. టేపు తీసి పొడవు, వెడల్పు, మందం కొలిచి, పాడైన జానెడూ తీసేసి, మిగతాదానికి ఘనపుటడుగుల లెక్కన ధర చెప్పాడు. గుమ్మం పైపట్టె మీద చిలకలు, పద్మాలు చెక్కి ఉంటాయి. అది విడిగా ఊడదీసి ఇస్తే ఇంకా ఎక్కువ ఇస్తానన్నాడు. సిటీలో హోటళ్ళవాళ్ళు గోడలకు తగిలించుకోవడానికి అడుగుతున్నారట. మా అమ్మ పెళ్ళికూతురై దాటిన గుమ్మం అది. దాన్ని ముక్కలుగా ఊహించుకోవడానికే నాకు మనసు ఒప్పలేదు.

నేను ఆర్కిటెక్చర్ చదివాను. పదేళ్ళుగా పాత కట్టడాల మరమ్మతు పనుల్లోనే ఉన్నాను. అయినా ఆ రోజు మామయ్యతో వాదించింది చదువుకున్న పిల్లగా కాదు, ఆ ఇంటి మనవరాలిగా. తలుపు ఎంతవరకు పాడైందో అంతవరకే కోసి, అంతే కర్ర అతికించాలి. పట్టుచీర అంచు చిరిగితే మాసిక వేయించుకుంటాం గానీ చీర పారేయం కదా. మన ఊళ్ళలో మిగిలిన పాత ఇళ్ళకు, కచేరీలకు, సత్రాలకు, గుళ్ళకు ఇదే వర్తిస్తుందని నా గట్టి నమ్మకం.

ముందు కర్ర సంగతి చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాతే డెల్టాలో వరి నిలకడగా పండి, చేతుల్లో డబ్బు ఆడి, పెద్ద లోగిళ్ళు లేచాయి. అదే ఏడాది బ్రిటిష్‌వాళ్ళు దిగువ బర్మాను ఆక్రమించుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో మన తీరం నుంచి వేలమంది రంగూన్‌కు కూలికి పోయారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. మనుషులు అటు పోయారు, టేకు ఇటు వచ్చింది. మా ఇంటి గుమ్మాన్ని అమ్మమ్మ ఎప్పుడూ 'రంగూను కర్ర' అనే అనేది.

ఆ కర్రను సిద్ధం చేసిన తీరు వేరు. పచ్చి టేకు దుంగ నీళ్ళలో తేలదు. అందుకని బర్మా అడవుల్లో చెట్టు మొదలు చుట్టూ బెరడు, దాని వెనక తెల్లకర్ర తెగేలా గాటు పెట్టి, నిలబడ్డ చోటే రెండు మూడేళ్ళు ఎండనిచ్చేవారు. ఎండాక నరికి, ఏనుగులతో వాగు దాకా లాగించి, వానలకు వాగు పొంగినప్పుడు వదిలేవారు. పెద్ద నదిలో పడ్డాక తెప్పలు కట్టి కిందికి తెచ్చేవారు. అడవిలో గాటు పడిన నాటి నుంచి వడ్రంగి చేతికొచ్చే నాటికి కొన్నేళ్ళు గడిచిపోయేవి. ఈలోగా కర్ర ముడుచుకోవలసినంతా ముడుచుకునేది, వంగవలసినంతా వంగేది. తలుపయ్యాక ఇంక పేచీ పెట్టేది కాదు.

ఇప్పుడు ఆ కర్ర సులువుగా రాదు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. మన దేశంలో 1996 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత అడవుల్లో నరుకుడు మీద కట్టుదిట్టాలు వచ్చాయి. రెండూ రావలసినవే. అడవి మిగలాలి. కాబట్టి బజారులో దొరికేది చాలావరకు తోటల టేకు. ఇరవై, పాతికేళ్ళకే కోసేసిన చెట్టులో చేవ, అంటే నడిమి గట్టి కర్ర, తక్కువ, తెల్లకర్ర ఎక్కువ. చెదను దూరంగా ఉంచే నూనెలు ఉండేది చేవలోనే. అంటే జానెడు కుళ్ళినందుకు ఏడడుగుల చేవ తీసి అమ్మేసి, దాని స్థానంలో తెల్లకర్ర కలిసిన తలుపు పెట్టుకుంటున్నాం. దానికి డబ్బులు కూడా మనమే ఇస్తున్నాం. 'కొత్తొక వింత, పాతొక రోత' అనే మాట ఇంత ఖరీదైనదని మా మామయ్యకు లెక్క వేసి చూపించాక గానీ ఆయన మెత్తబడలేదు.

వడ్రంగి ఆచారి గారిని వెతకడానికి నాకు నెల పట్టింది. డెబ్భై దాటిన మనిషి. గుమ్మం ముందు గొంతుకు కూర్చుని, ఉలి పిడితో తలుపును అడుగు నుంచి పైకి టకటకా కొట్టుకుంటూ వెళ్ళారు. కింద 'బొద్దు' మని మోగింది. జానెడు దాటాక 'ఠంగు' మంది. ఆ మోత మారిన చోట సుద్దతో గీత గీశారు.

"దీన్ని తిన్నది వరద కాదమ్మా. రంగు" అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మా అమ్మమ్మ శుక్రవారం శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. కడిగిన తడి మధ్యాహ్నానికల్లా ఆరిపోయేది. ఆవిడ పోయాక, ప్రతి వారం ఎవరు రాస్తారని గడపకు పసుపు రంగు ఎనామిల్ పెయింట్ కొట్టించాం. తలుపు అడుగు భాగానికీ, నిలువు పట్టెలకీ పండక్కోసారి, పెళ్ళికోసారి పూత మీద పూత పడింది. పెయింట్ ఎప్పుడో ఒకప్పుడు వెంట్రుకవాసి చిట్లుతుంది. ఆ చీలికలోంచి వానజల్లు, కడిగిన నీళ్ళు లోపలికి పోతాయి. పెయింట్ పొర వాటిని బయటికి రానివ్వదు. కర్ర ఏళ్ళ తరబడి లోలోపల తడిగానే ఉండి కుళ్ళుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. వరద వచ్చి ఆ మేలిముసుగు తీసింది, అంతే. గడపకు పెయింట్ కొట్టించిన ప్రతి ఇంటి వాళ్ళకూ నేను ఈ మాట చేతులు పట్టుకుని చెప్తున్నాను. మళ్ళీ పసుపుకు రండి. వారానికి పావుగంట పని.

తలుపు దించడం చూడాలి. ఆ రెక్కలకు మడతబందులు లేవు. ఒక్కో రెక్క వెనక అంచున, పైనా కిందా, ఆ కర్రలోనే చెక్కిన గుండ్రటి మొలక ఉంది. పైది గుమ్మం పట్టెలోని బెజ్జంలో, కిందిది గడప వెనక రాతి గుంటలో తిరుగుతుంది. కోటల పెద్ద తలుపులదీ ఈ పద్ధతే. గోల్కొండ ఫతే దర్వాజా చూసినవాళ్ళకు ఏనుగులు కుమ్మకుండా కొట్టిన ఇనుప ముళ్ళు గుర్తుంటాయి. ఈసారి వెళ్తే అంత బరువును మోసే చోటు ఎక్కడుందో కూడా వెతకండి. మా తలుపును ఇద్దరు మనుషులు గునపంతో రెండంగుళాలు ఎత్తి, మొలకను గుంటలోంచి తప్పించి, మంచంలా మోసుకొచ్చి మండువాలో పడుకోబెట్టారు.

ఆచారి గారు చీలలు తీయడం మొదలుపెట్టారు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. అడ్డపట్టె చివర నాలుకలా చెక్కిన కుసి నిలువుపట్టె బెజ్జంలో దూరి ఉంటుంది, రెంటినీ కలిపి టేకు చీల పట్టుకుని ఉంటుంది. జిగురు చుక్క కూడా లేదు. చీల బెజ్జాన్ని కుసిలో వెంట్రుకవాసి పక్కకు తొలిచారట. చీల దిగినకొద్దీ కుసిని లోపలికి లాక్కుని బిగించేస్తుంది. మధ్య పలకలు గాడిలో వదులుగా కూర్చున్నాయి. అది పనిలో లోపం కాదు. కర్ర పొడవునా దాదాపు పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. పలక కదలడానికి గాడిలో చోటు వదిలితే పగలదు. ఈ సంగతి తెలియని మరమ్మతుదారు ఏం చేస్తాడంటే, పలక ఆడుతోందని గాడి నిండా జిగురు పోసి బిగిస్తాడు. వచ్చే వేసవికి పలక నిలువునా చీలుతుంది. తప్పు పాత తలుపు మీదకు పోతుంది.

కుడి రెక్క అడుగున రంగు గీకుతుంటే ఆచారి గారి చెయ్యి ఆగింది. కర్రలో ఏటవాలుగా ఒక సన్న గీత. పాత అతుకు. మాకంటే ముందే ఎవరో, ఎప్పుడో, ఇదే చోట పాడైన ముక్క కోసి వేరే ముక్క అతికించారు. అతికిన కర్ర గీతలు పాత కర్ర గీతల్లో కలిసిపోయేలా వెతికి పెట్టారు. చింతాకు దూరే సందు లేదు. ఆయన బొటనవేలితో ఆ గీత వెంట రెండుసార్లు రాసి చూశారు. "మంచి చెయ్యి" అన్నారు. కాసేపు పని చెయ్యలేదు.

పాత తలుపుల్ని ఎప్పుడూ మార్చేవారనీ, మరమ్మతు అన్నది పురావస్తు శాఖ వాళ్ళ కొత్త ముచ్చట అనీ అనుకునేవాళ్ళకు నేను ఆ గీత చూపిస్తాను. మనకు మాసిక వేయడమే అలవాటు. కర్ర చవగ్గా దొరికినట్టు కనిపించే ఈ ముప్ఫై నలభై ఏళ్ళలో దాన్ని మరిచిపోయాం.

అతుకు కర్ర కోసం ఎక్కడికీ పోలేదు. పెరట్లో వాడకం లేని ధాన్యపు గాదె ఉంది. దాని పలకలూ రంగూను కర్రే. ఒక పలక తీసి, తలుపు ఉన్న సావట్లోనే రెండు నెలలు ఉంచారు, రెండింటి తేమ సమానం కావాలని. నిలువుపట్టె అడుగును మందానికి ఐదు రెట్ల పొడవున ఏటవాలుగా కోశారు. ఆ వాలు కూడా ఇష్టం వచ్చినట్టు కాదు. వానజల్లు పడితే నీరు అతుకులోకి దిగకుండా బయటికి జారేలా ఉండాలి. కొత్త కుసులు, పాత బెజ్జాలు. మొత్తం రెండు రెక్కలకూ పందొమ్మిది రోజులు.

మా ఇద్దరికీ గొడవ వచ్చింది అతుకు కనబడే విషయంలో. గీత ఎక్కడుందో తెలియకుండా రంగు కలిపి పూసేస్తానన్నారు ఆయన. నేను వద్దన్నాను. పాత కట్టడాల మరమ్మతుకు ప్రపంచమంతా అనుసరించే 1964 నాటి వెనిస్ ఒడంబడికలో పన్నెండో అంశం ఇదే చెప్తుంది: పోయిన భాగం స్థానంలో పెట్టింది మొత్తంలో పొందికగా కలవాలి, కానీ అసలుదానికీ దానికీ తేడా తెలియాలి. కొయ్య కట్టడాల కోసం 2017 డిసెంబరులో ఢిల్లీలో ఐకోమోస్ (పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మహాసభ ఆమోదించిన సూత్రాలూ అదే దారిలో ఉన్నాయి. అవి వచ్చింది 1999 నాటి సూత్రాల స్థానంలో. కొత్త ముక్కలకు చెక్కో, కాల్చో గుర్తు పెట్టమని 1999లోనే రాశారు.

ఆయన అంతా విన్నారు. "అతుకు కనబడితే ఇంక నా చెయ్యి ఎందుకమ్మా?" అన్నారు.

నేను చాలా రాత్రులు ఆలోచించిన ప్రశ్న అది. ఆయన వైపు న్యాయం ఉంది. ఆ పాత అతుకు వేసిన పెద్దమనిషి దాచడానికే కదా అంత కష్టపడింది! వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ 2004లో మన దేశం కోసం రాసుకున్న నియమావళి కూడా సంప్రదాయ పనివాళ్ళ జ్ఞానాన్ని కట్టడంతో సమానంగా కాపాడమంటుంది. పనివాడి గర్వాన్ని తీసేసి కర్రను కాపాడితే ఏం కాపాడినట్టు? చివరికి ఇద్దరం ఒక దారికి వచ్చాం. రంగు పూయలేదు. కొత్తగా చిత్రిక పట్టిన ముఖం బంగారు ఛాయలో ఉంటుంది, కొన్నేళ్ళకు అదే ముదురుతుంది. వీధిలోంచి చూస్తే తెలియదు. దగ్గరికొచ్చి వంగితే తెలుస్తుంది. అతుకు అడుగు అంచు మీద, తలుపు దించితే తప్ప కనబడని చోట, ఆయన చేత సంవత్సరం చెక్కించాను. పేరు కూడా చెక్కమంటే నవ్వి తల అడ్డంగా ఊపారు.

'జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్ళకోసారి మొత్తం కొత్తగా కట్టేస్తారు కదా, మరి అది సంప్రదాయం కాదా' అని నన్ను చాలామంది అడిగారు. నిజమే. 2013లో కట్టింది 62వసారి. కానీ అక్కడ ప్రతి ఇరవై ఏళ్ళకూ కొత్త తరం వడ్రంగులు పాత తరం పక్కన నిలబడి పని నేర్చుకుంటారు. కర్ర మారుతుంది, చెయ్యి నిలుస్తుంది. మనం తలుపు మార్చినప్పుడు కర్రా పోతోంది, చెయ్యీ పోతోంది. మిషన్ చెక్కిన లక్ష్మీదేవి వెనక కుసి వేయడం తెలిసిన మనిషి ఉండనక్కర్లేదు.

సొంత ఇళ్ళవాళ్ళ మీద నాకు కోపం లేదు. ప్రభుత్వ భవనాల దగ్గరే బాధ. ఒక జిల్లా కేంద్రంలో బ్రిటిష్ కాలపు కచేరీ మరమ్మతుకు సలహా ఇవ్వమని పిలిస్తే వెళ్ళాను. నేను వెళ్ళేసరికే పది అడుగుల టేకు తలుపులు తీసి వరండాలో గోడకు ఆనించారు. వాటి స్థానంలో ఫ్లష్ డోర్లు. పైన మిగిలిన ఖాళీకి సిమెంటు రేకు ముక్క. తీసిన తలుపుల్లో సగానికి పైగా బాగుచేయగలిగినవే, నేను ఒక్కొక్కటీ కొట్టి చూశాను. అక్కడి ఇంజనీరు చెడ్డవాడు కాదు. అంచనా కాగితం నా ముందు పెట్టి, "కర్రకు ఘనపు మీటర్లలో, తలుపుకు చదరపు మీటర్లలో రేటు ఉంది మేడమ్. అతుక్కి ఏ రేటు వెయ్యమంటారు?" అని అడిగాడు.

అసలు జబ్బు అక్కడుంది. ఆచారి గారు పందొమ్మిది రోజులు చేసిన పనిలో పట్టిన కర్ర ఒక చేటలో పట్టేంత. కర్ర కొలతతో కూలి కడితే ఆయన పనికి విలువే లేదు. పెద్ద దుంగ వాడినవాడికి పెద్ద బిల్లు, పాతదాన్ని నిలబెట్టినవాడికి చేటెడు కర్ర డబ్బులు. ఈ లెక్క మారనంతకాలం ఏ వారసత్వ చట్టమూ తలుపుల్ని కాపాడలేదు. మరమ్మతుకు పనిదినాల లెక్కన రేటు కట్టాలి. పాత తలుపు తీసేముందు దాన్ని ఎందుకు బాగుచేయలేమో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ రెండూ పెడితే చాలు, సగం తలుపులు బతుకుతాయి.

చౌక అని నేను అబద్ధం చెప్పను. మా తలుపుకు అయిన ఖర్చు కొత్త తలుపు ధరకు ఇంచుమించు సమానం. టెన్షన్ అయితే కొత్తదానికంటే ఎక్కువే. వీధి గుమ్మానికి నెలల తరబడి రేకు అడ్డం పెట్టుకుని పడుకున్నారు మామయ్యా వాళ్ళూ. రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునేవారట. కానీ ఆ డబ్బులో ముప్పాతిక వంతు ఒక మనిషి చేతి పనికి పోయింది.

ఇంకో మాట. రంగు గీకేటప్పుడు జాగ్రత్త. మన దేశంలో పెయింట్‌లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూతల్లో ఎంత ఉందో చూసి చెప్పలేం. పొడిగా మిషన్ పెట్టి రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకండి, గీకిన పొట్టు మూటగట్టి తీసేయండి. పైగా మిషన్ రుద్దితే బాడిస దెబ్బల గుర్తులు, ఉలి అంచులు అన్నీ పోతాయి. రంగు పోయాక మేము అవిసె నూనె పల్చగా మూడు పూతలు రాశాం. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం కుప్పగా వదలకూడదు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వేయాలి.

పెరటి తలుపును మాత్రం కాపాడలేకపోయాం. చెద లోపలంతా తిని పొర మిగిల్చింది. ఎక్కడ కొట్టినా బొద్దుమంది. దానికి కొత్తదే చేయించాం, అదే కొలత, అవే కుసులు, అదే గాడి. మార్చవలసి వస్తే మార్చాలి, కానీ అదే చేతిపనితో. ఆచారి గారి మనవడు టౌనులో మాడ్యులర్ కిచెన్లు చేస్తాడు. ప్లైవుడ్, లామినేట్, స్క్రూలు. తాతకు సాయానికని నాలుగు రోజులు వచ్చి పదకొండు రోజులున్నాడు. మొదటి కుసి లావైంది, బెజ్జంలో సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. సుత్తి ఎత్తాడు. "కొట్టకు, గీకు" అన్నారు తాత. రెండోది కొంచెం సన్నమై ఆడింది, తీసేశారు. నాలుగోదాన్ని ఆయన చేత్తో నెట్టి చూసి ఏమీ అనలేదు. చీల అందించారు.

మరుసటి శ్రావణంలో మామయ్య ఫోన్ చేశాడు. సింహద్వారం పట్టేస్తోందట, భుజం పెట్టి తొయ్యాల్సి వస్తోందట. పక్క వీధి కుర్రాడి దగ్గర కరెంటు చిత్రిక ఉంది, రెండు నిమిషాల్లో అంచు తీసేస్తానంటున్నాడు, తీయించమంటావా అని. వద్దు మామయ్యా, తేమకు ఉబ్బింది, ఇప్పుడు తీయిస్తే వేసవిలో బల్లి దూరేంత సందు పడుతుంది, కాస్త ఓపిక పట్టండి అన్నాను. "పట్టాను కదే ఏడాది నుంచీ" అని పెట్టేశాడు.

కార్తీకంలో మళ్ళీ చేశాడు. "వదిలేసింది అమ్మాయ్. చిటికెనవేలితో తోస్తే పోతోంది."

గడపకు పసుపు ఎవరు రాస్తున్నారని అడిగాను. అత్తయ్యేనట, శుక్రవారం శుక్రవారం.